మెట్ల మీదికొచ్చిన బల్ల

ముందు బెంచీ పెద్దల్లారా, ఈ కథ మీ మీద ఫిర్యాదు. దేవుడి ఇంట్లో మనుషుల్ని వరసలుగా పేర్చింది మీరు. పరిశుద్ధతకి తరగతులు పెట్టి, పాసు ఫెయిలు చెప్పింది మీరు. తప్పు దాచుకున్నవాణ్ణి ముందుకి జరిపారు. తప్పు ఒప్పుకున్నవాణ్ణి వెనక్కి తోశారు. అలా తోసి తోసి, నోరు మూసుకుని కూర్చోవడమే ఆత్మీయ ఎదుగుదల అని ఒక నిండు సంఘానికి నేర్పారు. కోపం వస్తే రానీండి. చివరిదాకా మాత్రం వినండి.

ఆ సంఘం కూడుకునే హాలు ఒకప్పుడు సబ్బుల గోడౌను. కింద వీధి నిండా వర్క్‌షాపులు, వెల్డింగు మెరుపులు, రబ్బరు కాలిన వాసన. పై అంతస్తులో ఈ హాలు. ఎన్ని సున్నాలు కొట్టినా గోడల్లోంచి సబ్బు వాసన పోలేదు. వానపడిన రోజైతే మరీ ఘాటు. "మన గోడలు కూడా కడిగిన ముత్యాలే" అని పెద్దలు మురిసిపోయేవాళ్లు. హాలుకి ఒక చివర వేదిక, దానిముందు రొట్టె, ద్రాక్షారసం ఉంచే ప్రభువు బల్ల. ఇంకో చివర గుమ్మం, గుమ్మం అవతల కాస్త చదును, అక్కణ్ణించి కిందికి ఇనుప మెట్లు. ఈ రెంటి మధ్య బెంచీలు. అసలు గొడవంతా ఆ బెంచీలతోనే.

కొత్తగా వచ్చినవాళ్లకి ఆఖరి బెంచీ. తిట్లు మానేశాడా, ఒక బెంచీ ముందుకి. సినిమాలు మానేసిందా, ఇంకో బెంచీ. ఉపవాసాలు, కూటాలు, కంఠస్థం చేసిన వాక్యాలు, అన్నిటికీ జరుగుడే. ఏటా ఒక ఆదివారం, జరుగుళ్ల ఆదివారం, ఎవరెవరు ముందుకి జరగాలో పెద్ద లేచి చెప్పేవాడు. రొట్టె, ద్రాక్షారసం కూడా ముందు బెంచీ నుంచే మొదలయ్యేవి. ఆఖరి బెంచీ దగ్గరికి వచ్చేసరికి పళ్లెం వెనక్కి తిరిగేది. "వాళ్లింకా ఎదగాలి" అనేవాళ్లు. తిండి పెట్టకుండా ఎదగమనడం ఎక్కడి న్యాయమో ఎవరూ అడగలేదు.

ఈ బెంచీల పద్ధతి కనిపెట్టింది ఒక రిటైరైన హెడ్మాస్టరు. ఎదురుగా అందరూ మాస్టారూ అనేవాళ్లు, వెనక మార్కులయ్య అనేవాళ్లు. చెడ్డవాడని అనలేం. హాలు అద్దెకి దొరకని రోజుల్లో తన ఇంటి వసారాలో సంఘాన్ని నడిపించినవాడు. జీవితమంతా పిల్లల్ని వరసలో కూర్చోబెట్టినవాడు, వరస లేకపోతే ఆయనకి ఊపిరాడదు. పాస్టరుగారు కుర్రవాడు, మెతక మనిషి. మార్కులయ్య దగ్గరే చదువుకున్నాడు. ఆయన గొంతు సవరించుకుంటే చాలు, ఈయన ప్రసంగం ముగించేసేవాడు.

ముందు బెంచీలో కిటికీ పక్కన కూర్చునే మనిషి టైలరక్క. కింది వీధి మలుపులో ఆమె కుట్టు దుకాణం. స్కూలు యూనిఫారాలు కుట్టడంలో ఆమెకి ఆమే సాటి. మాట కరుకు, చేయి మెత్తన. అడుగడుగునా నవ్వించేది. ప్రార్థన మొదలుపెడితే మాత్రం ఫ్యాను చప్పుడు కూడా వినపడనిచ్చేది కాదు. ఆఖరి బెంచీ నుంచి ముందు బెంచీకి రావడానికి ఆమెకి తలలో సగం నెరిసింది. ఆ చోటంటే ఆమెకి ప్రాణం. ఎందుకుండదు? కడుపు కట్టుకుని సంపాదించిన చోటది.

ఆమె తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. ఆఖరి బెంచీ. తాగుడు వాడి పెళ్లాన్ని పుట్టింటికి పంపింది, ఒంటిని చీపురుపుల్ల చేసింది. అక్క ఏడ్చి, తిట్టి, లాక్కొచ్చి ఆ బెంచీలో కూలేసింది. వాడు మానేశాడు. నిజంగానే మానేశాడు. పెళ్లాం తిరిగొచ్చింది. సబ్బుల కాలం నాటి సామాన్ల లిఫ్టు ఒకటి గోడలో తుప్పుపట్టి పడుంటే, వాడు సెలవు రోజుల్లో దాన్ని విప్పి, నూనె పెట్టి, తాళ్లు మార్చి నడిపించాడు. అప్పట్నుంచి మోకాళ్ల నొప్పుల ముసలివాళ్లంతా ఆ లిఫ్టులోనే పైకి వస్తున్నారు. మార్కులయ్య కూడా.

"అందర్నీ పైకి చేర్చే పని నాది" అనేవాడు తమ్ముడు నవ్వుతూ. "నన్ను చేర్చేవాడు దొరకాలంతే."

అలాంటివాడు ఒక సాయంత్రం జారాడు. పనిచేసే చోట ఎవరిదో వీడ్కోలు. చేతిలో గ్లాసు పెట్టారు. సగం తాగాడు, కింద పెట్టి లేచి వచ్చేశాడు. ఎవరూ చూడలేదు. సంఘంవాళ్లకి తెలిసే దారే లేదు. కానీ ఆ ఆదివారం సాక్ష్యాల వేళ వాడు లేచి నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. "నాకు భయంగా ఉంది. నాకోసం ప్రార్థన చెయ్యండి" అన్నాడు.

మార్కులయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఆఖరి బెంచీకి కూడా ఒక మర్యాద ఉంది. వచ్చే వారం నుంచి నువ్వు బయట మెట్ల మీద కూర్చో. అక్కడికీ వాక్యం వినపడుతుంది. మేము చెప్పినప్పుడు లోపలికి వద్దువుగాని."

టైలరక్క ముందు బెంచీలో ఉంది. వెనక్కి తిరిగి చూడలేదు. మెడ పట్టేసినట్టు అలాగే కూర్చుంది. తమ్ముడు మెట్ల మీదికి నడిచిన చప్పుడు వింది. ఇనుప మెట్టు కిర్రుమంది.

అలా కొన్ని వారాలు గడిచాయి. ఆమెకి కబురొచ్చింది: ఈసారి ముందు బెంచీలో మొదటి చోటు ఆమెదే. స్త్రీలందరికీ పెద్దగా ఆమెనే నిలబెడుతున్నారు. ముందు బెంచీకి కొత్త దిండ్లు తెప్పించారు, వాటికి తెల్లటి గలీబులు కుట్టే పని కూడా ఆమెకే. ఆమె పొంగిపోయింది. ఎర్ర అంచు తిప్పి, మూలలు నిక్కబొడుచుకునేలా కుట్టింది. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లకీ చూపించింది.

జరుగుళ్ల ఆదివారానికి ముందురోజు మధ్యాహ్నం తమ్ముడు దుకాణానికి వచ్చాడు. చేతులకి లిఫ్టు గ్రీజు, భుజాన పనిముట్ల సంచి. అప్పుడే ఒక తల్లి కూతుర్ని స్టూలు మీద నిలబెట్టి ఉంది. యూనిఫారం గౌను మోకాళ్లు దాటి పైకి పోయింది.

"కొత్తది కుట్టించాలా అక్కా?" అందామె.

"ఎందుకూ? పెరుగుతుందని తెలిసే లోపల గుడ్డ వదిలాను" అంటూ టైలరక్క అంచు తిరగేసింది. బ్లేడుముక్కతో కుట్టు విప్పింది. దారం టపటపా తెగింది. మడతలోంచి దాగున్న గుడ్డ బయటపడింది, ముదురు నీలం. పైనంతా ఉతికి ఉతికి వెలిసిపోయిన నీలం. రెంటి మధ్య గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

"గీత కనిపిస్తోందే" అంది పిల్ల మూతి ముడిచి. "అందరూ నవ్వుతారు."

"నవ్వితే చెప్పు, నేను పెరిగాను, మీరు పెరగలేదా అని. ఏ టైలరూ ఈ గీత పడకుండా గౌను పెంచలేడమ్మా. గీత వద్దంటే పెరగడం మానెయ్యాలి."

పిల్ల కిసుక్కున నవ్వింది. తల్లీ కూతురూ వెళ్లారు. తమ్ముడు స్టూలు మీద కూలబడ్డాడు.

"రేపు నీకు కిరీటం పెడుతున్నారటగా?"

"నోర్ముయ్. టీ తాగుతావా?"

"టీయే తాగుతాను, భయపడకు."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు నిలబడలేదు.

"అక్కా, రేపే ఆఖరు. నీకోసం మెట్లదాకా వస్తాను. నిన్ను ఆ మొదటి చోట్లో చూసి దిగిపోతాను. ఇంక రాను."

"పిచ్చివాగుడు వాగకు. కొన్నాళ్లు ఓపిక పట్టు. పెద్దలు పిలుస్తారు. శిక్షణ అనుకోరా. నలగ్గొడితేనే కదా..."

"అక్కా." వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ముందు బెంచీ మాటలు నాకొద్దు. నాకు మానాలని ఉంది, అర్థమవుతోందా? పొద్దున లేస్తే మొదటి ఆలోచన అదే. ఆ మెట్ల మీద కూర్చుంటే కింద వీధి చివర మందు దుకాణం కనిపిస్తుంది. లోపల మీరు పాటలు పాడతారు. బయట నాకు ఆ బోర్డు కనిపిస్తుంది. మీ వాక్యం చెవికి, ఆ బోర్డు కంటికి. ఏది గెలుస్తుందంటావ్?"

ఆమె సూదిలో దారం ఎక్కించబోయింది. దారం దూరలేదు.

"ఇంకోటి చెప్పనా?" అన్నాడు. "ఆరోజు నోరు మూసుకుని ఉంటే నన్నీపాటికి ఒక బెంచీ ముందుకి జరిపేవాళ్లు. మార్కులయ్య నాతో అన్నాడు కూడా, నీ పేరు అనుకున్నామయ్యా, అంతలో చెడగొట్టుకున్నావు అని. అంటే ఏంటి? తాగినందుకు కాదక్కా. చెప్పినందుకు."

"అలా కాదురా..."

"మరెలా? ముందు బెంచీలో ఉన్నవాళ్లెవరికీ చెప్పాల్సింది ఏమీ లేదా? నీకేమీ లేదా?"

వాడు నిలదీయడానికి అనలేదు. నిజంగా అడిగాడు. టీ గ్లాసు కింద పెట్టి, సంచి భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

ఆమెకి ఉంది. వీధి వీధంతా తెలిసిన సంగతే. అదేదో గుప్తంగా మోసిన నేరం కాదు, ఆ వారం కూడా చేసిన పని. ఆమె తోటికోడలు, మరిది పెళ్లాం, పక్క వాటాలోనే ఉంటుంది. ఇద్దరికీ ఒకటే బాల్కనీ, బట్టలారేసే తీగ ఒకటే. ఒకసారి ఇంట్లో అందరూ ఉండగా ఆ తోటికోడలు, "ఆ తమ్ముడొక తాగుబోతు, ఆ ఇంటి రక్తమే అంత" అంది. అప్పట్నుంచి మాటల్లేవు. టైలరక్క తన బట్టలు తీగ మీద ఆరేసి, తోటికోడలి బట్టల్ని ఒక మూలకి తోసేది, ఆమె వచ్చి మళ్లీ వీటిని తోసేది. హాల్లో అయితే టైలరక్క గుమ్మం దగ్గర అందరికీ చేతులు జోడించి వందనాలు చెప్పేది. సరిగ్గా తోటికోడలి దగ్గరికి వచ్చేసరికి కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకునేది. ఎంత తుడిచేదంటే, ఆమె దాటి వెళ్లేదాకా. మార్కులయ్య అది ప్రతివారం చూశాడు. దానికి ఆయన పద్ధతిలో మార్కులు పోవు.

టైలరక్క కుర్చీలో కదలకుండా కూర్చుంది. తోటికోడలు నోటితో ఒక్కసారి అంది, నీ తమ్ముడు పనికిరానివాడని. మరి తను? వాడు మెట్ల మీదుంటే, మెడ తిప్పకుండా, ముందు బెంచీలో కూర్చుని ప్రతి ఆదివారం అదే మాట అంటోంది కదా.

ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో మొదట తెలియలేదు. తర్వాత తెలిసింది. తన మీదే. ప్రభువా అని గొణిగింది. "ఇన్నేళ్లు పైపైనే ఉతుక్కుని వెలిసిపోయాను. లోపలి గుడ్డ ఒక్కసారి కూడా విప్పనివ్వలేదు నిన్ను." ఆమె ముందు బెంచీలో చేసే ప్రార్థనల్లో ఉండే పెద్ద మాటలు ఇందులో ఒక్కటీ లేవు. చేతులు జోడించడం కూడా మర్చిపోయింది. కాని ఎన్నో ఏళ్లకి మొదటిసారి అవతల ఎవరో వింటున్నట్టు అనిపించింది ఆమెకి.

బ్లేడుముక్క తీసుకుంది. దిండు గలీబుల కట్ట ముందేసుకుంది.

సాయంత్రం రొట్టెల వ్యాను నడిపే ఆమె మొగుడు దుకాణం షట్టరు వేయడానికి వచ్చి నోరెళ్లబెట్టాడు.

"కుట్టినవన్నీ విప్పేస్తున్నావేంటే?"

"కొలత తప్పింది."

"నీకా? కొలత తప్పడమా? నా పెళ్లి చొక్కా కంటితో చూసి కుట్టినదానివి!"

"అప్పుడు కన్ను బాగుండేది. ఆ కొస పట్టుకో, మాట్లాడక."

ఆయన కొస పట్టుకున్నాడు. విప్పిన ముక్కలన్నీ ఒకదానికొకటి జోడించి ఆమె మిషను తొక్కుతూనే ఉంది.

ఆదివారం హాలు కిక్కిరిసింది. జరుగుళ్ల రోజు ఎవరూ మానరు. కొందరు ముందుకి జరుగుతామని, చాలామంది ఎవరు జరగరో చూద్దామని. మార్కులయ్య ఇస్త్రీ చొక్కాలో లిఫ్టులో పైకొచ్చాడు. లిఫ్టు తలుపు తీసింది తమ్ముడే. "వందనాలు మాస్టారూ" అని, వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

పాటలయ్యాయి. ప్రసంగమయ్యింది. పాస్టరుగారు బల్ల దగ్గర నిలబడ్డారు, రొట్టె పళ్లెం మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. మార్కులయ్య లేచాడు. ఒక్కొక్కరినీ ముందుకి జరిపాడు. ఆఖరికి గొంతు పెంచి అన్నాడు.

"ముందు బెంచీ, మొదటి చోటు. మన టైలరమ్మ. రామ్మా. ఆ గలీబులు కూడా తెచ్చి వెయ్యి, చూద్దాం."

చప్పట్లు. టైలరక్క గుడ్డ మడత చంకన పెట్టుకుని లేచింది. బెంచీలో కూర్చోలేదు. అందరి వైపూ తిరిగి నిలబడింది.

"మాస్టారూ, ముందు ఒక సాక్ష్యం చెప్పాలి."

"క్లుప్తంగా చెప్పమ్మా."

"క్లుప్తంగానే. నాకు మా తోటికోడలంటే ద్వేషం. కోపం కాదు, ద్వేషం. ఆమె బట్టలు తీగ మీంచి కిందపడితే సంతోషపడ్డాను. ఇక్కడ ఆమెకి వందనం చెప్పకుండా తప్పించుకోడానికి కళ్లద్దాలు తుడుచుకుంటాను. పోయిన ఆదివారం కూడా తుడిచాను. మీరు చూశారు. అందరూ చూశారు. ఇప్పుడు చెప్పండి, మీ పద్ధతిలో నా చోటెక్కడ?"

మార్కులయ్య చిరునవ్వు అతికించుకున్నాడు.

"అది... అది ఇంటి విషయమమ్మా. ఆడవాళ్ల మధ్య ఉంటూనే ఉంటాయి. కూర్చో."

"మా తమ్ముడిది సగం గ్లాసు. వాడు ఆ సగం కూడా కింద పెట్టి వచ్చి, భయంగా ఉంది, ప్రార్థన చెయ్యండి అన్నాడు. వాణ్ణి గుమ్మం దాటించారు. నేను నిండు కుండ ద్వేషం మోసుకొచ్చి ముందు బెంచీలో పెట్టుకున్నాను. నాకు దిండు వేస్తున్నారు. ఇదేం లెక్క మాస్టారూ?"

"నువ్వు సీనియరువమ్మా!" అనేశాడు మార్కులయ్య తొట్రుపాటులో.

ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. ఆమె కూడా నవ్వింది.

"అవును, ద్వేషంలో సీనియర్నే." ఆ మాట తర్వాత ఆమె గొంతు మారింది. "మాస్టారూ, పరిశుద్ధత వద్దని నేననడం లేదు. నాకది కావాలి. మా తమ్ముడికి మీ అందరికంటే ఎక్కువ కావాలి. ప్రభువు పరిశుద్ధుడు కాబట్టే ఆయన దగ్గరికి రావాలి కదా, మురికి పోవాలంటే. మనమేం చేశాం? మురికి ఉందని చెప్పినవాణ్ణి నీళ్లకి దూరంగా కూర్చోబెట్టాం. నా చోటు నాకు తెలిసింది. వెళ్తున్నాను."

నడవడం మొదలుపెట్టింది. బెంచీ తర్వాత బెంచీ, ఎన్నో ఏళ్లు కష్టపడి ఎక్కిన దారినే వెనక్కి. మధ్యలో తోటికోడలు కూర్చున్న బెంచీ దగ్గర ఆగింది. చేతులు జోడించింది.

"వందనాలు చెల్లీ."

తోటికోడలి ముఖం కందగడ్డ అయింది. ఆమె తల ఎత్తకుండానే అంది.

"ఇవాళ కళ్లద్దాలు తుడుచుకోలేదేం అక్కా?"

"ఇవాళ బాగానే కనిపిస్తున్నావు."

తోటికోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. "రక్తం మాట అనకుండా ఉండాల్సింది" అంది. "అన్న మర్నాడే అనుకున్నాను. నువ్వు అద్దాలు తుడవడం మొదలుపెట్టాక నాకూ పంతం వచ్చింది." అని లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె వెనకాలే నడిచింది.

టైలరక్క గుమ్మం దాటి, మెట్టు మీద తమ్ముడి పక్కన కూర్చుంది. తోటికోడలు ఆ పై మెట్టు మీద.

"ఏంటక్కా ఇది?" అన్నాడు తమ్ముడు.

"జరుగు. నాక్కూడా చోటివ్వు."

లోపల బెంచీ కాలు గీసుకున్న చప్పుడు. ముందు బెంచీలో ఎప్పుడూ ఉపవాసముండే పెద్దాయన లేచాడు. "నా కొడుకుతో నేను మాట్లాడి ఎన్నాళ్లయిందో" అని ఎవరికీ కాకుండా అన్నాడు, కర్ర పట్టుకుని గుమ్మం వైపు నడిచాడు. ఇంకో బెంచీలోంచి ఒక నర్సు లేచింది. "నేను ఉపవాసం అని చెప్పి క్యాంటీన్లో తింటాను." గొల్లున నవ్వారు. ఆ నవ్వుతో ఏదో తెగింది. ఒక్కొక్కరే లేచారు. కొందరు చెప్పారు, కొందరు ఊరికే కళ్లు తుడుచుకుంటూ నడిచారు. ఎవరూ ఎవర్నీ తొయ్యలేదు. ఇన్నేళ్లూ ముందుకి జరగడానికి మోచేతులు వాడినవాళ్లు, వెనక్కి వెళ్లడానికి దారిచ్చుకున్నారు. గుమ్మం అవతల చదును నిండింది. మెట్లు నిండాయి. ఇనుము కిర్రుకిర్రుమంది.

"ఒరే, మెట్లు ఆగుతాయా?" అని టైలరక్క మొగుడి కేక.

"ఆగుతాయి బావా, పోయిన నెల బోల్టులు బిగించాను" అన్నాడు తమ్ముడు. "మెట్ల మీద కూర్చుంటే ఇంకేం పని?"

హాల్లో ఇద్దరే మిగిలారు. బల్ల దగ్గర పాస్టరుగారు, ముందు బెంచీలో మార్కులయ్య. మధ్యలో ఖాళీ బెంచీలు.

మార్కులయ్య గొంతు సవరించుకున్నాడు. ఎప్పుడూ ఆ చప్పుడికి కుంచించుకుపోయే పాస్టరుగారు ఆ రోజు కుంచించుకుపోలేదు. పళ్లెం మీది గుడ్డ సరిచేశారు. బల్లకి ఒక పక్క వంగి పట్టుకున్నారు.

"ఎవరైనా అవతలి పక్క పట్టండి" అని పిలిచారు. "బల్ల బరువుగా ఉంది."

అందరికంటే ముందు తమ్ముడు పరిగెత్తాడు. హాల్లో అడుగుపెట్టొద్దనిపించుకున్న మనిషి మధ్య దారిలో దడదడా నడిచి, గ్రీజు చేతులు ప్యాంటుకి తుడుచుకుని, రెండోపక్క ఎత్తాడు. ద్రాక్షారసం తొణక్కుండా, బెంచీల మధ్య నుంచి, వెనక్కి, వెనక్కి, గుమ్మందాకా తెచ్చారు. గుమ్మం ఇరుకు. పక్కకి తిప్పారు. చదునులో దించారు. టైలరక్క చంకలోని మడత విప్పింది. దిండు గలీబులు ఇప్పుడు ఒకే పెద్ద బల్లగుడ్డ. ముక్క ముక్కకీ మధ్య కుట్టు గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఎర్ర అంచు చుట్టూ తిరిగింది. పరిచింది. కొలత వెంట్రుకవాసి తేడా లేదు.

"కొలత తప్పిందన్నావే?" గొణిగాడు మొగుడు.

"ఇప్పుడు సరిపోయింది."

పాస్టరుగారు రొట్టె విరిచారు. "ఇది బాగా చదివినవాడికిచ్చే బహుమతి కాదు. ఇన్నాళ్లూ అలా పంచాను, నన్ను క్షమించండి. ఎదగనివాడికే ఇది మొదట కావాలి." అని మొదటి ముక్క తమ్ముడి చేతిలో పెట్టారు. వాడు దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. వీధి చివర మందు దుకాణం బోర్డు అక్కడే ఉంది, అందరికీ కనిపిస్తూనే ఉంది. వాడు దాని వైపు చూశాడు. తర్వాత రొట్టె వైపు చూశాడు. తిన్నాడు. పెళ్లాం వాడి వీపు మీద చెయ్యి వేసింది. ఎవరో పాట అందుకున్నారు. ఆ పాట మెట్లమీంచి వీధిలోకి దిగింది. వెల్డింగు ఆపి మనుషులు తలెత్తి చూశారు.

పాట నడుస్తుండగా మార్కులయ్య గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఎప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు. చొక్కా ఇస్త్రీ ఎక్కడా నలగలేదు. మనిషి మాత్రం నలిగిపోయి ఉన్నాడు.

"నాకు... ఏం చెప్పాలో తెలియడం లేదు" అన్నాడు. ఎన్నో తరగతులకి పాఠం చెప్పిన మనిషి.

"అదే చెప్పండి మాస్టారూ" అన్నాడు తమ్ముడు. "నేనూ మొదట అంతే." చెయ్యి అందించాడు. "చూసి అడుగెయ్యండి, ఆ మెట్టు కాస్త జారుతుంది."

ఆ ముసలాయన ఆ నల్లటి చెయ్యి పట్టుకుని, మెల్లగా, ఆఖరి మెట్టు మీద కూర్చున్నాడు. అక్కణ్ణించి ఆయనకి కూడా బోర్డు కనిపించింది. కాసేపు చూశాడు. "ఇక్కడా నిన్ను కూర్చోబెట్టాను?" అని మాత్రం అన్నాడు. పళ్లెం ఆయన దగ్గరికీ వచ్చింది. వెనక్కి తిరగలేదు.

ఆ మరుసటి రోజుకి అందరూ దేవదూతలైపోయారని నేను చెప్పను. తీగ మీద బట్టల కోసం తోటికోడళ్లిద్దరూ ఇప్పటికీ కొట్లాడుకుంటారు. ఇప్పుడు ముఖాముఖి అరుచుకుంటారు, సాయంత్రానికి కలిసి బట్టలు మడతపెట్టుకుంటారు. తమ్ముడికి గొంతు ఎండిపోయే సాయంత్రాలు ఇంకా వస్తాయి. వచ్చినప్పుడు ఫోను చేస్తాడు. ఎవరికో తెలుసా? మార్కులయ్యకి. ఆయన లిఫ్టెక్కకుండా, కర్ర పట్టుకుని, వాడు పనిచేసే చోటికే వెళ్లి పక్కన కూర్చుంటాడు. ఏమీ బోధించడు. వాడు పనిముట్లు అడిగితే అందిస్తాడు, ఎక్కువసార్లు తప్పుది అందిస్తాడు, వాడిచేత తిట్లు తింటాడు. ఆ ముందు బెంచీలో కూర్చున్నన్నాళ్లలో ఎదగనంత ఆయన ఈ కాస్త కాలంలో ఎదిగాడు. హాల్లో బెంచీలు ఇప్పుడు గుండ్రంగా వేశారు, మధ్యలో బల్ల. బల్లగుడ్డ మీది గీతలు ఎంత ఉతికినా పోవడం లేదు. పోగొట్టాలని ఎవరూ చూడడం లేదు.

ఇంక మీ సంగతి. మీ హాల్లో ఆఖరి బెంచీ ఎవరిది? మీ మెట్ల మీద ఎవరు కూర్చున్నారు? వాళ్లకి ఏ బోర్డు కనిపిస్తోంది? ప్రార్థన చేద్దాం, ఆలోచిద్దాం, కమిటీ వేద్దాం అనకండి. ఈ ఆదివారమే లేవండి. దాచుకున్నది నోటితో చెప్పండి. అద్దాలు తుడవడం ఆపి, ఎవరిని తప్పించుకున్నారో వాళ్లకి వందనం చెప్పండి. ఆ బల్ల రెండువైపులా పట్టుకుని ఎత్తండి. గుమ్మం ఇరుకైతే పక్కకి తిప్పండి. రొట్టె ముందుగా ఆఖరివాడి చేతిలో పెట్టండి. లేవండి, పట్టండి!